స్క్రూ మీద ఎర్ర చుక్క

పోయిన వారం మీరంతా నన్ను నడుములోతు చన్నీళ్లలో నిలబెట్టి, పత్రిక మూసేసి, హాయిగా మీ పనుల్లోకి వెళ్లిపోయారు. నేను మాత్రం వారమంతా అక్కడే వణుకుతూ ఉన్నట్టుంది. సరే, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి మొదలుపెడతాను. నేను కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేస్తాను. ఈ ఊళ్లో చాలామంది నేను చేసిన కాళ్ల మీద నడుస్తున్నారు. అందులో కొందరు నన్ను చూసి కూడా చూడనట్టు చకచకా నడిచి వెళ్లిపోతారు, అది వేరే సంగతి. మా ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు. ఆయనకి దూరపు ఊరికి బదిలీ అయింది. నన్ను ఉద్యోగం మానేసి రమ్మన్నాడు. నేను రానన్నాను. ఇల్లు రణరంగమైంది. చివరికి ఒకరోజు భోజనాల బల్ల దగ్గర, మా నాన్న ఎదురుగానే, ఆయన కంచం పక్కకు నెట్టి పందెం వేశాడు.

"ఆ ఈత, సైకిలు, పరుగు అంటూ ఊగిపోతున్నావుగా. ఈసారి గడువులోపల పూర్తి చేసి చూపించు. చేస్తే నువ్విక్కడే ఉండు, నీ ఉద్యోగం నీది, నేనిక నోరెత్తను. చెయ్యలేకపోతే నోరు మూసుకుని నాతో రా."

రోషానికి పోయి సరే అన్నాను. ఆ తర్వాత జరిగిందే విచిత్రం. పందెం వేసిన మనిషే నా పక్షం చేరిపోయాడు. తెల్లారకముందే అలారం పెట్టి లేపేది ఆయనే, కాఫీ కలిపి చేతికిచ్చేది ఆయనే. మంచి పరుగు బూట్లు కొనుక్కొచ్చి నా పాదాల దగ్గర పెట్టాడు. కాఫీ కలిపిన వారం మీలో చాలామంది "పోన్లే పాపం, మనిషి మారాడు" అనుకుని ఉంటారు. మిమ్మల్ని అనడం ఎందుకు, నేనే అనుకున్నాను. కాపురంలో ఆ మాత్రం వెర్రితనం లేకపోతే రోజులు గడవవు.

గడువు మధ్యాహ్నం పన్నెండు. ఆలోపల గీత దాటితే ఈ ఊరు, నా పని, నా జీవితం నాకు మిగులుతాయి. దాటకపోతే పెట్టె సర్దుకోవాలి. అదీ కథ. ఇక నీళ్లలోకి రండి.

ఈల వేశారు. ఈత అంటే మీరు ఏ బొమ్మలోనో చూసినట్టు చేపపిల్లలా జారిపోవడం కాదు. ఇన్ని వందలమంది ఒక్కసారిగా రిజర్వాయరులో పడితే, సాయంత్రం బస్సు తలుపు దగ్గర తొక్కిసలాటే. కాకపోతే ఇక్కడ కిందపడితే ముక్కులోకి నీళ్లు పోతాయి. ఎవరిదో మడమ నా దవడ మీద తగిలింది. ఒకావిడ ఏకంగా నా వీపు మీదుగా ఈదుకుంటూ పోయింది. పోతూ పోతూ నీళ్లు మింగుతూనే "సారీ అండీ" అంది. మర్యాదకి మురిసిపోయాను.

నా పక్కన రేడియో ఈదుతోంది. మేం కలిసి సాధన చేసే క్లబ్బులో ఆవిణ్ని అందరూ అలాగే పిలుస్తారు. బ్యాంకు కౌంటర్లో పనిచేస్తుంది, నోరు మూయదు, ఆఖరికి నీళ్లలో కూడా.

"ఒసేయ్, ఊపిరి బిగబట్టకు! నీ మొగుడు గట్టు మీద ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. కాస్త నవ్వు మొహం పెట్టు!"

తల తిప్పి చూశాను. నిజమే. గట్టు మీద అందరికంటే ముందు నిలబడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ "శభాష్! అలాగే! అలాగే రా!" అని గొంతు చించుకుంటున్నాడు. మా పెళ్లయినప్పటి నుంచి ఆయన నా కోసం అంత గట్టిగా అరవడం నేను వినలేదు. నా మీద అరవడం వేరు. ఆ చన్నీళ్లలో కూడా నాకు ఒంట్లో వెచ్చగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నీళ్లలోంచి బయటపడి సైకిళ్లు ఉంచిన మైదానంలోకి పరుగెత్తాను. వరసలు వరసలుగా సైకిళ్లు. నాది కనిపెట్టడం తేలిక, దాని నిండా ఎర్ర చుక్కలుంటాయి. హ్యాండిలు కింద ఒకటి, సీటు కింద ఒకటి, బ్రేకుల దగ్గర రెండు. అవి మా నాన్న పెట్టినవి. మా నాన్న సైకిలు మెకానిక్కు. వయసు మీద పడ్డా ఇంటి ముందుగదిలో ఇంకా కొట్టు నడుపుతూనే ఉన్నాడు. ఏ స్క్రూ బిగించినా దాని తల మీద గోళ్ల రంగు ఒక చుక్క పెడతాడు. అదురుకి స్క్రూ వదులవకుండా పట్టుకుంటుందనేది ఒకటి. చుక్క చెదిరిందంటే తనది కాని చెయ్యి దాని మీద పడిందని తెలిసిపోతుందనేది రెండోది. మా అమ్మ పోయాక ఆవిడ సీసాలో మిగిలిన రంగుతో మొదలుపెట్టాడు ఈ అలవాటు. ఆ సీసా అయిపోయాక అదే రంగు వెతికి కొనుక్కొచ్చాడు. అమ్మే కుర్రాళ్లు నవ్వినా పట్టించుకోడు. సీసా ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది.

పోటీ రూలు ప్రకారం సైకిలు ముందురోజు సాయంత్రమే అప్పగించాలి. నిన్న నాన్నే మొత్తం చూసి, నూనె వేసి, సీటు కింద చిన్న సంచి సర్ది, తోసుకొచ్చి వరసలో నిలబెట్టాడు. ఇవాళ ఆయన కూడా ఇక్కడే ఉన్నాడు. సైకిలు దారిలో పెద్ద గుట్ట మీద మరమ్మతుల డేరా వేశారు, అందులో ఉచితంగా పనిచేయడానికి ఒప్పుకున్నాడు. "గుట్ట ఎక్కి వచ్చినప్పుడు నీ మొహం చూడాలి చిట్టీ" అన్నాడు.

ఈ దారిలో గుట్టలు రెండు. మావాళ్లు వాటికి పేర్లు పెట్టుకున్నారు. చిన్నది ఆడపడుచు, పెద్దది అత్తగారు. ఎందుకంటే అది ఎంత ఎక్కినా తృప్తిపడదు, మలుపు తిరిగితే ఇంకా ఉంటుంది. ఆడపడుచు మూతి విరిచింది గాని దారిచ్చింది. మంచి వేగంలో ఉన్నాను. రేడియోని కూడా దాటేశాను. "వెళ్లవే వెళ్లు, ఇవాళ నిన్ను ఆపేవాళ్లు లేరు" అని అరిచింది వెనకనుంచి.

అత్తగారి దగ్గర రోడ్డు సన్నబడుతుంది. ఒకపక్క కొండరాయి, ఇంకోపక్క పిట్టగోడ, మధ్యలో మేమంతా భుజాలు రాసుకుంటూ. ఎక్కుడు మొదలవగానే గేరు మార్చాను. వెనక చక్రానికి చిన్నవి మొదలు పెద్దవి దాకా పళ్లచక్రాలు వరసగా ఉంటాయి. చైను పెద్దదాని మీదకు ఎక్కితే కాళ్లకి బరువు తగ్గుతుంది. నా చైను ఎక్కలేదు. టిక్కుమంది, ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ టిక్కు. పెద్ద చక్రాలు రెండూ ఖాళీగా తిరుగుతున్నాయి, చైను వాటి గడప దగ్గరే మొరాయించింది.

లేచి నిలబడి తొక్కాను. తొడలు బద్దలైపోతాయేమో అనిపించింది. వేగం పోయి సైకిలు ఊగిసలాడింది. వెనక కేకలు.

"జరుగమ్మా, జరుగు!"

"ఎక్కలేనివాళ్లు ఎందుకొస్తారండీ, మా ప్రాణానికి!"

నన్ను తప్పించబోయి పసుపు చొక్కా వేసుకున్న ఒకాయన పక్కవాడికి తగిలాడు. ఇద్దరూ దబ్బున పడ్డారు. మోకాలు చీరుకుపోయినవాడు నన్ను తిట్టిన తిట్టు పత్రికలో వేయరు. దిగిపోయాను. సైకిలు బూట్ల అడుగున ఇనప బిళ్లలుంటాయి, వాటితో టకటకలాడుతూ సైకిలు తోసుకుంటూ నడుస్తుంటే, ఇందాక నేను దాటి వచ్చిన వాళ్లంతా ఒక్కొక్కరే నన్ను దాటిపోతున్నారు.

రేడియో పక్కకొచ్చి నెమ్మదించింది. "ఏమైందే, దిగావు?"

"గేరు పడట్లేదే."

"ఆగనా?"

"ఆగి నువ్వేం చేస్తావు, మాట్లాడతావు! పో, నీ గడువు చూసుకో."

ఆవిడ మొట్టమొదటిసారి జవాబు చెప్పకుండా వెళ్లింది. అప్పుడు భయమేసింది నాకు.

కాళ్లకంటే ముందు బుర్ర పరుగెత్తింది. నిన్న సాయంత్రం సైకిలు అప్పగించే ముందు మా ఆయన గుడ్డ పట్టుకుని చక్రాల దగ్గర గొంతుకూర్చుని తుడవడం నా కళ్లతో చూశాను. "ఎందుకండీ మీకు శ్రమ" అని కూడా అన్నాను, వెర్రిమొహాన్ని. ఓహో, ఇదన్నమాట. ముందు కాఫీలు, తర్వాత బూట్లు, ఆఖర్న ఇది. పైకి శభాష్ అని అరుస్తూ లోపల నన్ను పెట్టెతో సహా బండెక్కించే ఏర్పాటు. ఒళ్లు భగ్గున మండింది. ఆ గుట్ట మీద నేను మా ఆయన్ని, మా ఆయన ఆఫీసుని, ఆయనకి బదిలీ వేసిన పెద్దమనిషిని కూడా వదలకుండా తిట్టాను. ఊపిరి ఆడకపోయినా తిట్లు మాత్రం ఆడాయి.

అంతలో వెనకనుంచి జీపు చప్పుడు. తొక్కలేక ఆగిపోయినవాళ్లని ఏరుకుంటూ తిరిగే జీపు అది. చీపురుబండి అంటాం. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కమ్మా, లోపల చల్లగా ఉంది" అన్నాడు, ఎంతో దయగా.

"నేనింకా చెత్త కాలేదు బాబూ" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

పిట్టగోడకి సైకిలు ఆనించి, ఏదో ఒకటి తేల్చుకుందామని సీటు కింద సంచి విప్పాను. ట్యూబు ఉంది, పంపు ఉంది. చిన్న స్క్రూడ్రైవరు ఉండే పనిముట్ల కట్ట మాత్రం లేదు. సంచి సర్దింది నాన్న. మర్చిపోయాడేమో, పెద్దవాడైపోయాడు అనుకున్నాను. వంగి వెనక చక్రం దగ్గర చూశాను. చైనుని ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదకు నెట్టే చిన్న ఇనప చెయ్యి ఒకటుంటుంది. అది ఎంతదూరం జరగాలో ఒక బుల్లి స్క్రూ నిర్ణయిస్తుంది. దాన్ని లోపలికి బిగిస్తే ఆ చెయ్యి పెద్ద చక్రాల దాకా పోనే పోదు. బొటనవేలితో దాని మీద బురద తుడిచాను.

ఎర్ర చుక్క.

సైకిలు మీద తక్కిన చుక్కలన్నీ పాతబడి మసకబారాయి. ఇది తళతళలాడుతోంది. నిన్నటిది. అంచులు దాటకుండా, గుండ్రంగా, స్క్రూ తలకి సరిగ్గా సరిపోయేటట్టు పెట్టిన చుక్క. మా ఆయనకి స్క్రూకి, మేకుకి తేడా తెలియదు. ఇంత శుభ్రంగా పాడుచేయగలిగే చెయ్యి ఈ లోకంలో ఒక్కటే ఉంది.

ఆ తర్వాత గుట్ట ఎలా ఎక్కానో నాకు తెలియదు. ఎక్కాను.

పైన డేరాలో నాన్న స్టూలు మీద కూర్చుని ఎవరిదో టైరుకి గాలి కొడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. ఆ లేవడంలోనే నాకు అంతా అర్థమైపోయింది. కూతురు ఇంత ఆలస్యంగా, సైకిలు తోసుకుంటూ వస్తే ఏ తండ్రైనా ఎదురొస్తాడు. నాన్న ఉన్నచోటే నిలబడ్డాడు.

"వచ్చావా చిట్టీ. ముందు కాసిని నీళ్లు తాగు."

"చైను ఎక్కలేదు నాన్నా."

"దుమ్ము పట్టిందేమో, చూస్తానుండు..."

"దుమ్ము కాదు. చుక్క చూశాను."

నాన్న చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదకి పోయింది. సీసా అక్కడే ఉంది. గాలి కొట్టించుకున్న కుర్రవాడు మా ఇద్దరి మొహాలూ చూసి, థాంక్స్ కూడా చెప్పకుండా సైకిలెక్కి జారుకున్నాడు.

"అది పెట్టకుండా ఉండాల్సింది" అన్నాడు నాన్న నెమ్మదిగా. "పెడుతున్నప్పుడు నాకే తెలియలేదమ్మా. స్క్రూ తిప్పాక చుక్క పెట్టకపోతే పని అయినట్టుండదు. చెయ్యి ఊరుకోదు."

"పనిముట్ల కట్ట?"

ప్యాంటు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లాడిలా పెట్టాడు.

"ఎవరు చేయమన్నారు? ఆయనేనా?"

"అల్లుడుగారా? అయ్యో, ఆయన కాదు. ఆయన అడిగింది వేరు."

"ఏమడిగారు?"

"ఇప్పుడెందుకవన్నీ. స్క్రూ వదులు చేసిస్తాను, నువ్వెళ్లు. ఇంకా టైముంది."

"చెప్పేదాకా కదలను. గడువు పోతే పోనీ. నీకు కావలసిందీ అదేగా."

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. కింద రోడ్డు మీద ఆఖరి వరస సైకిళ్లు ఒగరుస్తూ ఎక్కి వస్తున్నాయి. డేరా దాటగానే దిగుడు, ఒక్కొక్కరూ "హమ్మయ్య" అనుకుంటూ జారిపోతున్నారు.

"పోయిన వారం కొట్టుకొచ్చారు. 'మామయ్యగారూ, ఆవిడ సైకిలు మీ చేత్తో మీరే చూడండి, ఎలాగైనా నెగ్గాలి' అన్నారు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కుర్చీ తుడిచి వేశాను. కూర్చుని, కాసేపు మాట్లాడి, లేవబోతూ అన్నారమ్మా... 'నెగ్గితే ఆవిడ ఇక్కడ, నేనక్కడ. ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపక్కర్లేదు. ఉంటానన్నది ఆవిడే కదా' అని. అదేదో బరువు దింపుకున్నట్టు అన్నారు."

నాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కడం మొదలైన తర్వాత ఆగలేదు.

"అప్పుడప్పుడూ వచ్చిపోతుంటారని కాబోలు" అన్నాను.

"అలాగే అనుకున్నాను. 'సెలవులకి వస్తుంటారుగా బాబూ' అన్నాను. నవ్వారు. అక్కడ ఇల్లు కూడా చూసేసుకున్నారట. ఒక గది, వంటకి చిన్న గట్టు. ఒక్కడికి సరిపోతుంది మామయ్యగారూ అన్నారు."

ఒక గది. భోజనాల బల్ల దగ్గర "నాతో రా" అన్న మనిషి ఒక గది ఇల్లు తీసుకున్నాడు.

"ఎవరైనా ఉన్నారా అక్కడ?"

"అడగలేదు." నాన్న తల దించుకున్నాడు. "అడిగితే చెప్పేస్తారేమోనని భయమేసింది."

అలారం, కాఫీ, బూట్లు, గట్టు మీద శభాష్‌లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. తెల్లారకముందే లేచి ఆయన నన్ను సాగనంపుతున్నాడన్నమాట, రోజూ కాస్త కాస్తగా. ఓడిపోవాలని పందెం వేసిన మనిషి. వదిలేసిన మాట తన మీదకి రాకుండా, నా చేతే వదిలింపజేసుకునే మనిషి. నేను ఆ కాఫీ ఊదుకుని ఊదుకుని తాగాను.

"అందుకని నన్ను ఓడిద్దామనుకున్నావా?" అన్నాను నాన్నతో.

"ఓడితే నువ్వు ఆయన వెంట వెళ్తావు. మాటిచ్చావు కాబట్టి వెళ్తావు. రమ్మన్నది ఆయనే కాబట్టి ఆయనా కాదనలేరు. ఎలాగోలా ఒక కప్పు కింద ఉంటే మనుషులు సర్దుకుంటారు తల్లీ."

"ఒక గదిలోనా?"

నాన్న గాలిపంపు తీసి పక్కకు పెట్టాడు.

"నాకో మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"చెబితే నువ్వు నెగ్గి తీరుతావు. నాకు తెలియదా నీ సంగతి." కళ్లు తుడుచుకోబోయి, చేతికి గ్రీజు ఉందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకున్నాడు. "మీ అమ్మ పోయాక నేను ఒక్కణ్నీ ఉండి చూశాను చిట్టీ. పగలు కొట్లో పదిమంది ఉంటారు, ఏదో మాట్లాడతారు. షట్టరు దించాక గ్లాసు కడిగి బోర్లిస్తే ఆ చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. అది నీకు రాకూడదనుకున్నాను. అంతే. ఇంకేం లేదు నా మనసులో."

ఇంకేం లేదని నాకూ తెలుసు. అదే నా కోపం. ఆయన నిజంగా దుర్మార్గుడైతే నాలుగు మాటలని వెళ్లిపోయేదాన్ని.

"వర్క్‌షాపులో నేను రోజంతా కాళ్లు లేనివాళ్లని నిలబెడుతుంటాను నాన్నా. నువ్వు చూస్తే, ఉన్న నా కాళ్లు కట్టేశావు. ఆయనేమో నేను గెలిస్తే వదిలించుకోవచ్చని బూట్లు కొన్నాడు. నువ్వేమో నేను ఓడితే కాపురం నిలుస్తుందని స్క్రూ బిగించావు. మధ్యలో నేనెక్కడున్నాను? నీళ్లు మింగింది నేను. ఆ గుట్ట ఎక్కింది నేను. నా గురించి మీ ఇద్దరూ మాట్లాడుకున్నారు, మీ ఇద్దరూ తేల్చుకున్నారు. నేను మాత్రం తొక్కాలి!"

"తప్పే చిట్టీ. ఇటివ్వు, సరిచేస్తాను."

చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. బల్ల మీది కట్ట విప్పి స్క్రూడ్రైవరు తీసి నేనే వంగాను. ఈ పని నాకు నేర్పింది ఆయనే. మొనతో గీకితే చుక్క పెచ్చులా రాలిపోయింది. స్క్రూ వెనక్కి తిప్పాను. పెడలు చేత్తో తిప్పి చూస్తే చైను ఒక్కొక్క మెట్టే ఎక్కి పెద్దచక్రం మీద కూర్చుంది, ఇదివరకు ఏమీ జరగనట్టు.

లేచి చూసేసరికి నాన్న జేబులోంచి సీసా తీసి మూత విప్పుతున్నాడు. ఆ మనిషికి తెలియదు తనేం చేస్తున్నాడో. చెయ్యి ఊరుకోదు.

"వద్దు" అన్నాను. "ఇక నా సైకిలు మీద నీ చుక్క వద్దు."

మూత విప్పిన సీసా అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. అలా అనకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు. సైకిలెక్కి దిగుడులోకి వదిలేశాను.

దిగుడులో ఏడిస్తే కన్నీళ్లు చెవుల్లోకి పోతాయి, ఎవరికీ కనిపించవు. అదొక సౌకర్యం. మైదానం చేరి సైకిలు పెట్టేసి చూస్తే, తువ్వాలు మీద ఆయన కొన్న బూట్లు పక్కపక్కనే బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. విసిరికొడదామనిపించింది. వేరేవి లేవు. తొడుక్కున్నాను. కాళ్లు నావి, బూట్లు ఆయనవి, అలాగే పరుగెత్తాను.

పరుగు దారి కూడా ఎత్తుపల్లాలే. జనం తోసుకుంటున్నారు, ఒకరి చెమట ఇంకొకరి మీద చిమ్ముతోంది. నెగ్గితే ఆయన చెయ్యి దులుపుకుని వెళ్లిపోతాడు. ఓడితే, నన్ను వద్దనుకున్నవాడి ఒకగది ఇంటికి పెట్టె మోసుకుంటూ నేను వెళ్లాలి. ఏది చేసినా ఎవరో ఒకరు వేసిన లెక్కే సరిపోతుంది. ఒక్కో అడుగుకీ ఇదే మాట బుర్రలో తిరిగింది. కాళ్లు మాత్రం ఆగలేదు. నేర్పిన పని అవి చేసుకుపోతున్నాయి. ఎక్కడో ఒకచోట రేడియో ఎదురొచ్చింది, ముగించేసి మెడలో పతకంతో. "పరుగెత్తవే! ఇంకా ఉంది టైము! నీ మొగుడు అక్కడ పూలగుత్తి పట్టుకుని పిచ్చెక్కిపోతున్నాడు!" అని నా పక్కనే కాసేపు పరుగెత్తి, నా మొహం చూసి, నోరు మూసుకుంది. ఒకేరోజు రెండోసారి.

ఆఖరి మలుపు. రెండువైపులా ఇనప కమ్మీలు, వాటికి ఆనుకుని జనం, మధ్యలో నీలం తివాచీ, దాని చివర తెల్లగీత. పైన పెద్ద గడియారం, ఇంకా పన్నెండు కాలేదు. గీతకి అవతల, కమ్మీలు దాటుకుని వచ్చేసి, మా ఆయన నిలబడ్డాడు. ఒక చేతిలో పూలు, ఒక చేతిలో ఫోన్.

"రా! రా! వచ్చేశావ్! ఇంకొంచెమే!"

మొహం వెలిగిపోతోంది. అంత సంతోషం దొంగ సంతోషం కాదు. నిజంగా సంతోషమే. అదే భరించలేకపోయాను.

గీతకి ఒక్క అడుగు ఇవతల ఆగిపోయాను.

జనంలో "అయ్యో" అన్న చప్పుడు. వెనకనుంచి వస్తున్నవాళ్లు నన్ను తప్పించుకుంటూ గీత దాటిపోతున్నారు. ఆయన ఫోన్ దించాడు.

"ఏమైంది? కాలు పట్టేసిందా?"

"లేదండీ. కాళ్లు బాగానే ఉన్నాయి."

"మరి? దాటు. ఒక్క అడుగే!"

"గాలీ వెలుతురూ బాగా వస్తాయా, ఆ ఒక గది ఇంటికి?"

పూలగుత్తి మెల్లగా కిందికి దిగింది. గొంతు తగ్గించి, "ముందు గీత దాటు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

"దాటాక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? పందెం మీరు ఓడిపోతారు, మీ దారిన మీరు వెళ్తారు. ఇప్పుడే చెప్పండి. నేనెందుకు గెలవాలి? మీ నోటితో మీరు చెప్పండి, దాటుతాను. లేకపోతే ఇక్కడే నిలబడతాను. పన్నెండు దాటాక మీ వెంటే వస్తాను, ఒక గదైనా సరే."

నా మొహం వైపు చూస్తాడేమో అనుకున్నాను. గడియారం వైపు చూశాడు.

ఇంతలో మైకు పట్టుకున్న వ్యాఖ్యాత మా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పొద్దుట్నుంచి ఎవరు గీత దాటినా ఏదో ఒక మంచిమాట చెబుతున్న మనిషి, నా మాట సగం విని ఏమనుకున్నాడో ఏమో, పొంగిపోయాడు.

"చూడండి చూడండి! భర్తగారి నోట ఒక్క మాట వింటే గాని గీత దాటనంటున్నారు మేడమ్! ఇదండీ దాంపత్యమంటే! సార్, చెప్పేయండి సార్, ఒక్క మాట! మేడమ్ ఎందుకు గెలవాలి?"

జనం చప్పట్లు కొట్టారు. "చెప్పండి సార్! చెప్పండి!" అని ఎవరో మొదలుపెడితే అందరూ అందుకున్నారు. మైకు ఆయన నోటి ముందుకి వచ్చింది. ఆయన నన్ను చూశాడు, మైకుని చూశాడు, నా భుజం మీదుగా ఇంకెవరినో చూశాడు. వెనక్కి తిరిగాను. కమ్మీల అవతల చీపురుబండి వచ్చి ఆగింది. అందులోంచి నాన్న దిగుతున్నాడు, ఆ సీసా ఇంకా చేతిలోనే ఉంది.

మా ఆయన నోరు తెరిచాడు. మాటకంటే ముందు ఆయన ఊపిరి మైకులో పడి, రిజర్వాయరు అవతలి గట్టు దాకా వినిపించింది.